గోస్తనీ నిలయంలో కొలతమ్మ

మృగశిర కార్తె. కింది అంతస్తు, మొదటి ఇల్లు.

నేను బండి దిగేసరికి వాళ్ళ ఆఖరి వ్యాను మలుపు తిరుగుతోంది. పరీక్షకు వచ్చిన మనిషీ, ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళే మనుషులూ ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదని నియమం. అందుకని గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. వ్యాను వెనక కిటికీలోంచి ఎవరిదో చెయ్యి ఊగింది. నాకు కాదు, మేడకి.

మేడ పేరు గోస్తనీ నిలయం. భీమిలి కొండవాలు మీద, సముద్రం ఇప్పుడు ఎంతదాకా ఎక్కిందో అంతకు కాస్త పైన ఉంది. సిమెంటు బట్టీలు ఆర్పేయక ముందు కట్టిన ఆఖరి మేడల్లో ఇదొకటి. పది ఇళ్ళు. ఈ వానాకాలమంతా ఇందులో నేనొక్కదాన్నే ఉంటాను. కార్తెకొక ఇల్లు మారతాను. వాళ్ళ పొయ్యి మీద వండుకుంటాను, వాళ్ళ నీళ్ళు పోసుకుంటాను, వాళ్ళ ఫ్యాను కింద పడుకుంటాను. చిత్త కార్తె దాటాక మేడకి ఆయుష్షు ఉందో లేదో రాసి సంతకం పెడతాను. ఉందంటే ఇంకో పుష్కరం బతుకుతుంది. లేదంటే విప్పేస్తారు.

విప్పడమంటే కూల్చడం కాదు. ఎవరూ అలా పాడుచేయరు ఇప్పుడు. తలుపులు ఒక ఊరికి, ఇనుము ఒక ఊరికి, ఇటుకలు ఇంకో ఊరికి పంపుతారు. మనుషుల్నీ అంతే, ఎక్కడ చోటు ఖాళీగా ఉంటే అక్కడికి. ఒక ఇంటివాళ్ళు టెక్కలిలో తేలతారు, పక్కింటివాళ్ళు తునిలో. మా శాఖలో దీన్ని సర్దుబాటు అంటారు.

మా శాఖ ప్రతి మేడకీ ఒక జాతకం రాస్తుంది, అందులో మూడు గడులుంటాయి. పుట్టుక, బతుకు, విప్పకం. కట్టినప్పుడు ఆకాశంలోకి పంపిన పొగ పుట్టుక కింద పడుతుంది. దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. మేడ ఎన్నేళ్ళు ఎక్కువ బతికితే ఏడాదికి అంత పలచబడుతుంది, అంతే. రేపు విడదీస్తే ఏ వస్తువు ఎంత పనికొస్తుందో ఇంజనీర్లు ముందే వచ్చి చూసి విప్పకం గడి నింపి పోయారు. మధ్యలో మిగిలింది బతుకు. ఆ గడి నాది.

మమ్మల్ని కాగితాల్లో ప్రమాణ వ్యక్తి అంటారు, జనం కొలతమ్మ అంటారు. ఏ మేడలో ఉన్నా నా వాడకం ఒక్కటే. అన్నే నీళ్ళు, అంతే వెలుతురు, అంతే అన్నం. మనిషి మారకపోతే మారేది మేడే కదా, అదీ లెక్క. ఏటా ఎండాకాలంలో తూకపు రాళ్ళను సరిచూసినట్టు మమ్మల్నీ సరిచూస్తారు. నాకు ఎప్పుడూ తేడా రాలేదు. గొప్పకి చెప్పడం లేదు. సరే, గొప్పకే చెప్తున్నాను. ఇక్కడ వినేవాళ్ళెవరున్నారు గనుక.

ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర ఒక గోడ ఫోను ఉంది. కార్తె మొదట్లో ఒకసారి మేడ తరఫు మనిషి మాట్లాడొచ్చు, అదీ వాడకం గురించే. ఇవాళ మోగింది.

"ఏటమ్మా, కొలతమ్మవేనా?"

"అవునండీ."

"నాను సన్యాసమ్మని. మొదటి అంతస్తులో ఆఖరిల్లు నాది. దాని పక్కది మా సెల్లి పైడితల్లిది. నువ్వు మా ఇంటికి వచ్చేతలికి ఆలీసమవుద్ది గానీ, ముందుగాల ఒకటి సెప్తాను ఇనుకో. మా పొయ్యి ఎడంపక్కది ఎలగదు. దాన్ని తిట్టకు. తిడితే కుడిపక్కది కూడా అలుగుద్ది."

పొయ్యిని తిట్టకపోవడం వాడకం కిందికి వస్తుందో రాదో నాకు తెలియలేదు. వస్తుందనే రాసుకున్నాను.

ఆర్ద్ర కార్తె. కింది అంతస్తు, నడిమి ఇల్లు.

ఈ మేడవాళ్ళు ఒక పని చేశారు. వంటగదుల మధ్య గోడల్లో చిన్న చిన్న కిటికీలు కొట్టుకున్నారు. ప్లానులో లేవు. కూరగిన్నె అవతలికి అందించేంత వెడల్పు. చెక్క అంచు నూనె చేతులకి నల్లగా, నున్నగా అయిపోయింది. గోడకి ఏం నష్టం లేదు, నేను తట్టి చూశాను.

నష్టం నాకే. ఇదివరకు ఉన్న మేడల్లో నా ఇల్లు, దాని చుట్టూ గోడ, అంతే. గోడ అవతల ఎవరూ లేరని గోడ చెప్పదు. ఇక్కడ అన్నం తింటూ తల ఎత్తితే పక్క వంటిల్లు కనిపిస్తుంది, దాని కిటికీలోంచి ఆ పక్క వంటిల్లు. మూడు వంటిళ్ళలో బోర్లించిన గిన్నెలు, మూడు గోడలకి మూడు జల్లి గరిటెలు. మనిషి లేరు.

పక్కింటి వంటగదిలో కొంచెం చెమ్మ కనిపించింది. ఆరుతుందని అక్కడి ఫ్యాను వేసి ఉంచాను. పాత ఫ్యాను, తిరుగుతుంటే టకటకమంటుంది. ఆ చప్పుడుకి అవతల ఎవరో కూరగాయలు తరుగుతున్నట్టుంది. బాగా నిద్ర పట్టింది.

మెట్ల కింద నాడి పలక ఉంది. దాని మీద ఎర్ర గీత ఒకటి ముందే గీసి ఉంటుంది. మేడ వాడకం నల్ల గీతగా కింది నుంచి రోజూ కాస్త కాస్త పైకి పాకుతుంది. అది వెనక్కి దిగేది కాదు. చిత్త వెళ్ళేలోగా నల్లది ఎర్రదాన్ని తాకకూడదు. తాకితే ఇక నేను రాయడానికేం ఉండదు, పలకే రాసేస్తుంది. ఇవాళ్టికి ఎక్కడో కింద, బుద్ధిగా ఉంది.

పునర్వసు కార్తె. కింది అంతస్తు, మూడో ఇల్లు.

నల్ల గీత ఉండాల్సిన చోటుకన్నా పైన ఉంది. పెద్ద తేడా కాదు. కానీ నేను ఉన్న మేడల్లో తేడా అనేదే రాకూడదు.

కుళాయిలన్నీ చూశాను. ఒక్కటీ కారడం లేదు. టాంకు నిండి పొర్లడం లేదు. తీగల్లో ఎక్కడో కరెంటు కారిపోతోందని నా అనుమానం. పాత మేడ, తేమ పట్టిన గోడలు. రేపటి నుంచి ఒక్కో స్విచ్చు పెట్టె విప్పి చూడాలి.

ఈ ఇంట్లో ఎలుకలున్నాయి. పక్కింటికి పాకకుండా అక్కడ దీపం వేసి ఉంచాను.

ఫోను మోగింది. సన్యాసమ్మ పంపు ఎప్పుడు వేయాలో చెప్పింది. చెప్పడం అయిపోయాక కూడా పెట్టలేదు.

"ఇక్కడ రేకుల సెడ్డులో పెట్టినారు మమ్మల్ని. పది ఇళ్ళోళ్ళకీ ఒకటే సెడ్డు. వానకి ఆ రేకు మోత, మాటినపడదు. మా పైడితల్లికి ఆయాసం ఎక్కువైపోతన్నాది."

"అది వాడకం కాదండీ, సన్యాసమ్మ గారూ. నేను వినకూడదు."

"ఊపిరి వాడకం కాదేటి?"

ఆమె నవ్వింది. నవ్వు మధ్యలో వెనక ఎవరో దగ్గారు. నా వైపు నుంచి నేను ఫోను పెట్టలేదు, ఆమే పెట్టింది. నియమం ప్రకారం నేనే ముందు పెట్టాలి.

పుష్యమి కార్తె. మొదటి అంతస్తు, మొదటి ఇల్లు.

వాన ఆగలేదు. కొండమీంచి నీళ్ళు మెట్లమీదుగా దిగుతున్నాయి. ఈ ఇంట్లో ఆడవాళ్ళు చాలామంది ఉన్నట్టున్నారు. అద్దం చుట్టూ అంచు కనబడకుండా బొట్టు బిళ్ళలు అంటించి ఉన్నాయి. చిన్నవి, పెద్దవి, ఎర్రవి, మెరూను రంగువి, ఒకటి పచ్చది. మధ్యాహ్నం పనేమీ లేక ఒక ఎర్ర బిళ్ళ తీసి నుదుట పెట్టుకుని చూసుకున్నాను. తర్వాత తీసిన చోటే మళ్ళీ అంటించాను. జిగురు పోయి పడిపోయింది. నేల మీద ఎంత వెతికినా దొరకలేదు.

అందుకు ఏడుపు రావాలా? వచ్చింది. చాలాసేపు ఏడ్చాను. మనిషి కన్నీళ్ళు నీటి లెక్కలోకి రావని మొదటి ఏడాది పాఠాల్లో ఎవరో అడిగి చెప్పించుకున్నారు, క్లాసంతా నవ్వాం.

కింది ఇంట్లో రేడియో ఉంటే పెట్టాను. పనిచేస్తోందో లేదో చూడాలి కదా. పనిచేస్తోంది.

గీత ఇంకా పైకి వెళ్ళింది.

ఆశ్లేష కార్తె. మొదటి అంతస్తు, పైడితల్లి ఇల్లు.

ఇవాళ ఫోను చేసింది మేడవాళ్ళు కాదు, మా శేషగిరి గారు. ఆయన మా శాఖలో నా పై అధికారి. పలక మీద గీత అక్కడ ఆయన బల్ల మీదా కనిపిస్తుంది.

"నళిని గారూ, మీ మేడ పరిస్థితి ఏం బాగాలేదు. చూస్తున్నారా?"

"చూస్తున్నానండీ. తీగల్లో ఏదో ఉంది. పట్టుకుంటాను."

"పట్టుకుని ఏం చేస్తారు? మరమ్మతు చేయడం మన పని కాదు. ముసలి మేడ, తిండి ఎక్కువైంది. ఇలాంటివి మీరెన్ని చూడలేదు? తాకిందంటే రాసెయ్యండి. ఈ ఇనుము కోసం అనకాపల్లిలో ఆస్పత్రి వాళ్ళు ఎదురుచూస్తున్నారు కూడా."

ఆయన చెడ్డవాడు కాదు. అనకాపల్లిలో ఆస్పత్రి నిజంగానే కావాలి. అయినా నాకు చాలా కోపమొచ్చింది. కుర్చీలు గోడకి చేర్చి, స్టూలెక్కి, అంతస్తులోని ప్రతి స్విచ్చు పెట్టె విప్పాను. తీగలు శుభ్రంగా ఉన్నాయి. ఎవరో ఒద్దికగా, ప్రేమగా చుట్టిన తీగలు. కట్టినవాడు ఎవరోగానీ తన పని తనకు తెలిసినవాడు. మేడలో ఏ లోపమూ దొరక్కపోతుంటే నాకు మేడ మీదే విసుగొచ్చింది. చెప్పి చావొచ్చు కదా ఎక్కడ నొప్పో.

ఈ ఇంటి ముసలామెకి ఆయాసం కదా, అందుకే కాబోలు, మంచం తలవైపు కింద రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేసి ఉంది. నేనూ అలాగే పడుకుంటున్నాను. వంటింట్లో రాతి గ్రైండరు ఉంది, లావుపాటి పాతది. కార్తెలో ఒకసారి పిండి రుబ్బుకోవాలని వాడకం పట్టికలో ఉంది. మినప్పప్పు నానబోసి రుబ్బాను. తెల్లారి వెలుతురులో గ్రైండరు తిరుగుతుంటే ఇల్లు ఇల్లులా ఉంది. ఇంతకన్నా ఎలా చెప్పాలో నాకు రాదు. దోసెలు నాలుగు పోసుకుని, ఒకటి అలవాటైన మనిషిలా కిటికీ గట్టు మీద పెట్టాను. అవతలి వైపు నుంచి ఎవరూ తీసుకోలేదు. చల్లారాక నేనే తిన్నాను.

మఖ కార్తె. మొదటి అంతస్తు, సన్యాసమ్మ ఇల్లు.

ఎడంపక్క పొయ్యి వెలగలేదు. తిట్టలేదు.

పొద్దున్నే ఫోను. వంటింట్లోంచి నాలుగడుగులే. తీశాను.

"వచ్చేసినావా మా ఇంటికి? బాగున్నాదా? గోడకి దేవుళ్ళ పటాలు సాన ఉంతాయి, బయపడకు. దుమ్ము దులపక్కర్నేదు, వాళ్ళే ఉంతారు."

"బాగుందండీ. కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది."

"మరేటి. ఆ కిటికీ కోసమే పైడితల్లి నాతో మూడ్రోజులు మాటాడ్నేదు, అది కావాలన్నాది…" ఆగిపోయింది. "ఎవులు రుబ్బుతున్నారు?"

"ఎక్కడండీ?"

"పైడితల్లి గ్రైండరు అది. దాని సప్పుడు నాకు తెల్దేటి. ఎవులున్నారు మా సెల్లి ఇంట్లో?"

"ఎవరూ లేరండీ."

"పిండి నేకండా తిరుగుతున్నాది అది. రాయి మీద రాయి. ఉత్తుత్తిగా ఎందుకు తిప్పుతున్నావు తల్లీ?"

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. రాయి అరుగుదల చూస్తున్నానని చెప్పబోయాను. అలా ఒక మాట నా దగ్గర సిద్ధంగా ఉంది. చెమ్మకి ఫ్యాను, ఎలుకలకి దీపం, పరీక్షకి రేడియో. అన్నిటికీ ఒక్కో మాట సిద్ధంగా ఉంది. అప్పుడు చూశాను వాటినన్నిటినీ ఒక్కసారి.

"పొద్దున్న లేచేసరికి ఆ చప్పుడు ఉంటే బాగుంటోందండీ," అన్నాను.

అటువైపు రేకుల మీద వాన మోత. తర్వాత సన్యాసమ్మ మెల్లగా, "ఆపేయ్ అమ్మా. రాయి పాడైపోద్ది," అంది.

మఖ కార్తె. అదే రోజు.

మేడంతా తిరిగాను. కింది అంతస్తు నడిమి ఇంటి పక్క వంటగదిలో ఆర్ద్రలో వేసిన ఫ్యాను ఇంకా తిరుగుతోంది. గోడ ఎప్పుడో ఆరిపోయింది. ఎలుకల దీపం వెలుగుతోంది, దాని పక్కగదిలోదీ వెలుగుతోంది, అది ఎప్పుడు వేశానో నాకు గుర్తు లేదు. రేడియో ఎవరికో వాతావరణం చెబుతోంది. పై అంతస్తులో, నేనింకా కాపురమే పెట్టని ఇళ్ళలో, మూడు ఫ్యాన్లు. ఒక ఇంట్లో ఫ్రిజ్జు కూడా ఆన్ చేసి, అందులో ఒక గిన్నెడు నీళ్ళు పెట్టాను. ఎందుకు పెట్టాను? ఫ్రిజ్జు ఆగి, మళ్ళీ మొదలై, గుర్రుమంటుంది. ముసలాయన కునుకు తీస్తున్నట్టు ఉంటుంది. అందుకే.

పది ఇళ్ళ మేడలో పది ఇళ్ళవాళ్ళు ఉన్నట్టు చప్పుడు చేయించుకుంటున్నాను. గీత పైకి పాకదూ మరి?

తీగల్లో కారిపోతున్నదేదో అని కార్తెల తరబడి వెతికాను. కారిపోతున్నది నేను.

అన్నీ ఆపేశాను. ఒక్కో స్విచ్చు ఆపుతుంటే మేడ ఒక్కో గది చొప్పున నిశ్శబ్దమవుతూ వచ్చింది. చివరికి మెట్ల మీద కూర్చున్నాను. నాకు భయమేసింది. ఇన్నేళ్ళుగా ఈ నిశ్శబ్దాన్నే నా గొప్ప అనుకున్నాను. మా ఇంటర్వ్యూలో "ఒక్కరే ఉండగలరా?" అని అడిగితే "ఉండటం తప్ప ఇంకేం రాదు" అన్నాను, వాళ్ళు నవ్వి ఉద్యోగం ఇచ్చారు. ఇవాళ నాకు ఒక్కదాన్నే ఉండటం రాదు. ఎప్పటి నుంచి రావడం లేదో తెలియదు. ఇక్కడ ఆ వంటింటి కిటికీలు చూశాకే తెలిసింది.

పుబ్బ కార్తె. రెండో అంతస్తు, మొదటి ఇల్లు.

లెక్క వేశాను. ఇవాళ్టి నుంచి దీపం కూడా వెలిగించకుండా చీకట్లో కూర్చున్నా, హస్త కార్తెలో నల్ల గీత ఎర్రదాన్ని తాకుతుంది. వెనక్కి దిగే గీత కాదు కదా. తాకితే గోస్తనీ నిలయం విప్పకానికి వెళుతుంది. సన్యాసమ్మ ఒక ఊరికి, పైడితల్లి ఇంకో ఊరికి. ఆయాసం మనిషి మంచం కింద ఇటుకలు ఎవరు పెడతారు అక్కడ?

శేషగిరి గారికి నేనే ఫోను చేశాను.

"మేడలో లోపం లేదండీ. కొలమానం చెడింది."

"ఏ కొలమానం? పలకా?"

"నేను."

జరిగింది చెప్పాను. ఆయన మధ్యలో అడ్డురాలేదు.

"నళిని గారూ, ఆ మాట ఒకసారి ఎక్కిందంటే మిమ్మల్ని జాబితాలోంచి తీసేస్తారు. ఇంకెప్పుడూ ఏ మేడకీ పంపరు. మీ పాత కొలతలన్నీ మళ్ళీ తీసి చూస్తారు."

"చూడనివ్వండి. అవి సరిగ్గానే ఉన్నాయి."

"అది కాదు నేననేది. ఎవరికి తెలుసు ఇది? మేడ ముసలిదని రాస్తే ఒక్కరూ అడగరు. మీకన్నా తిన్నని మనిషి ఈ శాఖలో లేరు. ఒక ముసలి మేడ కోసమా?"

ఆయన మంచిగానే అన్నారు. నా మీద అభిమానంతోనే అన్నారు. తిన్నని మనిషి అన్న మాట విన్నప్పుడు నాకు ఎప్పుడూ వచ్చే సంతోషం ఇప్పుడూ వచ్చింది, సిగ్గు లేకుండా. ఒక్క క్షణం ఊరుకుంటే చాలు, ఆ పేరు నాకే ఉండిపోతుంది. పది ఇళ్ళవాళ్ళు ఎటో వెళ్ళిపోతారు. వాళ్ళ మొహాలు నేను చూడను కూడా చూడలేదు.

"రాసుకోండి," అన్నాను. "కొలమానం చెడింది, పరీక్ష చెల్లదు, మళ్ళీ జరపాలి. నా పేరు మీద."

రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "మీకు సొంత ఇల్లు లేదు కదా," అన్నారు చివర్లో. ఈ ఉద్యోగంలో చేరేటప్పుడు ఇంటి హక్కు వదిలేసి చేరతాం, మేడలే మా ఇళ్ళని. "ఇల్లు లేనివాళ్ళకి దగ్గర్లో ఉన్న విడిది షెడ్డులో చోటు ఇవ్వాలని ఉంది."

"దగ్గర్లో ఉన్నది ఏదండీ?"

"మీ మేడవాళ్ళు ఉన్నదే," అన్నారు.

ఉత్తర కార్తె. రెండో అంతస్తు, మొదటి ఇల్లే. ఇక మారను.

నియమాలు ఇప్పుడు నాకు లేవు కాబట్టి సన్యాసమ్మకి అంతా చెప్పాను. మేడ బాగుందని చెప్పగానే ఆమె ఫోను పక్కకి పెట్టి గట్టిగా అరిచింది. వెనక ఎవరెవరో కేకలేశారు, పిల్లలు గోల చేశారు.

"ఎప్పుడొచ్చెయ్యమంటావు? సామాను సర్దుకుంతాం."

"రాకూడదండీ. పరీక్ష మళ్ళీ జరగాలి. అది వానాకాలంలోనే చేస్తారు, అయ్యేదాకా ఇళ్ళు ఖాళీగానే ఉండాలి. వచ్చే వానాకాలానికి ఇంకొకరు వస్తారు."

"వచ్చే ఏడా?"

"అవునండీ. అప్పటిదాకా మేడని విప్పరు. అది మాత్రం ఖాయం."

వెనక గోల ఆగిపోయింది. ఆమె అందరికీ చేత్తో సైగ చేసి ఉంటుంది.

"ఏడాది," అంది. "ఈ సెడ్డులో ఇంకో ఏడాది. పైడితల్లి ఆయాసానికి ఏడాదంటే ఏటో నీకెరికేనా?"

"తెలుసండీ."

"తెల్దు. తెలిస్తే ఉత్తి గ్రైండరు తిప్పుకోవు. ఒక్కదానివి ఉండలేకపోతే ఆ మాట సెప్పాల. మొదట్లోనే సెప్పాల. నోరు నేదేటి నీకు?"

ఫోను పెట్టేసింది. ఆమె అన్నదాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

మధ్యాహ్నం పది ఇళ్ళూ ఊడ్చాను. ఎవరూ చేయమనలేదు. తలుపులన్నీ దగ్గరకి వేశాను. పైడితల్లి గ్రైండరు రాళ్ళు కడిగి ఆరబెట్టాను. అరిగిన చోట వేలికి గరుకుగా తగిలింది.

హస్త కార్తె. విడిది షెడ్డు.

పెట్టె ఒకటి, గొడుగు ఒకటి. నడిచే వచ్చాను. ఉన్నది కొండకి అవతలే, వంపు తిరిగితే వచ్చేస్తుంది. కార్తెల తరబడి వాళ్ళు ఇంత దగ్గరలో ఉన్నారని నాకు తట్టలేదు.

షెడ్డు పొడవుగా ఉంది. చీరలు కట్టి గదుల్లా విడదీసుకున్నారు. నేను గుమ్మంలో నిలబడగానే ఒకాయన ఉల్లిపాయలు తరుగుతూ తల ఎత్తకుండానే, "మా ఏడాది తినేసిన మనిసి ఇదేనేటి," అన్నాడు. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు.

సన్యాసమ్మ లేచి వచ్చింది. ఆ గొంతుకి నేను చాలా పెద్ద మనిషిని ఊహించుకున్నాను. నా భుజం దాకా కూడా రాదు. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. వెనక మూల గోడకి ఆనుకుని ఒకామె కూర్చుని ఉంది, నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని. ప్రతి ఊపిరికీ ఆమె భుజాలు పైకి లేస్తున్నాయి. పైడితల్లి అని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"క్షమించండి," అన్నాను ఇద్దరికీ కలిపి.

"ఆ మాట తర్వాత. ముందు సాప పట్టు." సన్యాసమ్మ చెల్లెల్ని లేపి, ఆమె చాప లాగి నా చేతిలో పెట్టింది. ఆమెను తన చాప మీద కూర్చోబెట్టింది. తర్వాత నాకు మూల చూపించింది. రేకు అతుకు విడిచిపోయి పైనుంచి నీళ్ళు పడుతున్నాయి. కింద సత్తుగిన్నె నిండిపోయి పొర్లుతోంది. నేలంతా తడి.

"ఈ మూల కారతాది. ఎన్నిసార్లు సెప్పినా బాగుసేసినోడు నేడు. ఎవులో ఒకలు పడుకోవాల కదా, అందుకని వంతులేసుకున్నాం, వారానికొక ఇల్లు. ఈ వారం పైడితల్లి వంతు. నాను మారతానంటే ఒప్పుకోదు, వంతు వంతే అంతాది. దాని వంతు నువ్వు పడుకో."

"అలాగేనండీ."

"సంబరపడకు. అది దానిది. వచ్చే వారం నీ సొంత వంతు, అదీ పడుకోవాల. పదకొండో ఇల్లు నీది."

ఉల్లిపాయలాయన ఏదో గొణిగాడు. సన్యాసమ్మ ఆయన వైపు చూడగానే మళ్ళీ తరగడంలో పడ్డాడు.

ఇన్ని మేడల్లో, ఇన్ని వానాకాలాల్లో, నాకు అన్నీ ఉండేవి, వంతు ఒక్కటే ఉండేది కాదు. చాప పరిచాను. గిన్నెలో నీళ్ళు బయట పారబోసి తెచ్చి మళ్ళీ పెట్టాను, సరిగ్గా చుక్క పడేచోట పెట్టడం నాకు రాలేదు. పైడితల్లి దగ్గు ఆపుకుంటూ, "ఇంకాస్త ఎడంకి," అంది.

ఎడంకి జరిపాను.